పరుగు ఇష్టమైనవాళ్ళకి ఏ టాటూ బాగుంటుంది? ముందు చోటు, తర్వాత రోజు, ఆఖర్న డిజైన్

ప్రశ్న ఇది: “అక్కా, మాది వైజాగ్ ఎమ్వీపీ కాలనీ. రోజూ బీచ్‌రోడ్డులో పరిగెడతాను. ఈ సీజన్‌లో మొదటిసారి ఫుల్ మారథాన్ చేయబోతున్నాను. పూర్తయితే గుర్తుగా పిక్క మీద టాటూ వేయించుకోవాలని ఉంది. నెట్‌లో చూస్తే అన్నీ రెక్కల బూట్లే. ఏ డిజైన్ అయితే బాగుంటుంది? వేయించుకున్నాక ఎన్నాళ్ళకి పరిగెత్తొచ్చు? మా ఫ్రెండ్ నేవీకి ప్రిపేర్ అవుతున్నాడు, ఇద్దరం ఒకేలాంటిది వేయించుకోవచ్చా?”

తమ్ముడూ, ముందు నీ ఫ్రెండ్ సంగతి తేల్చేద్దాం. నీది సరదా, అతనిది ఉద్యోగం. ఆర్మీ, నేవీ నోటిఫికేషన్లలో టాటూల గురించి ఒక పేరా ఉంటుంది. మన కుర్రాళ్ళు పరుగు ఎంత, పుషప్స్ ఎన్ని అన్నంతవరకు చదివి అక్కడ ఆపేస్తారు. ఆ పేరాలో ఉండేది ఇదీ: శాశ్వతమైన టాటూ ముంజేయి లోపలివైపు, అంటే మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఉండొచ్చు. లేదంటే అరచేతికి వెనకవైపు ఉండొచ్చు. ఒంటి మీద ఇంకెక్కడున్నా ఎంపికలోంచి తప్పిస్తారు. గిరిజన సంప్రదాయం ప్రకారం వేసిన పచ్చబొట్లకి సడలింపు ఉంది. అరకు, పాడేరు వైపు పిల్లలకి అది పనికొస్తుంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ముంజేయి లోపలివైపైతే ఎడమ చెయ్యే, ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడిచేత్తో. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతుకి లోపే ఉండాలి.

కాబట్టి అతనికి పిక్క మీద టాటూ కుదరదు. “తర్వాత లేజర్‌తో తీయించేసుకుంటాలే” అనే మాట నేను చాలా వింటుంటాను. లేజర్ ఒక్కసారిలో అయ్యే పని కాదు. ఒక సిట్టింగ్‌కీ ఇంకో సిట్టింగ్‌కీ మధ్య వారాల గ్యాప్ ఇస్తూ నెలల తరబడి సాగుతుంది, ఆఖరికి నీడలాగా మచ్చ మిగిలే అవకాశమూ ఉంది. మెడికల్‌లో ఆ మచ్చ గురించి సంజాయిషీ చెప్పుకునే టెన్షన్ ఎందుకు? ఇద్దరికీ ఒకే రోజు, ఒకే బొమ్మ అనే ముచ్చట ఇప్పటికి పక్కన పెట్టండి. అతను సెలెక్ట్ అయ్యి, ట్రైనింగ్ ముగించుకుని, అక్కడి రూల్స్ కనుక్కుని అప్పుడు వేయించుకుంటాడు. పోలీస్ కానిస్టేబుల్ 1600 మీటర్ల పరుగుకి సాధన చేస్తున్నవాళ్ళకి కూడా నా సలహా ఇదే, నోటిఫికేషన్ మొత్తం చదివాకే స్టూడియో మెట్లెక్కండి.

ఇక నీ విషయం. మా టాటూ స్టూడియోకి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఫోన్‌లో బొమ్మ చూపించి “ఇది కావాలి” అనే మొదలుపెడతారు. మామూలు మనిషికి అది పర్లేదు. పరిగెత్తేవాళ్ళకి మాత్రం నేను వరస తిప్పేస్తాను. చోటు ముందు, రోజు తర్వాత, డిజైన్ ఆఖర్న. పరిగెత్తేవాళ్ళ ఒంటి మీద కొన్ని చోట్లు గంటల తరబడి ఒరుసుకుంటాయి, కొన్ని ఎండలో మాడతాయి, కొన్ని చెమటలో నానతాయి. ఎంత మంచి డిజైనైనా అలాంటి చోట పడితే నాలుగైదేళ్ళకి మాసిపోయిన రబ్బరు స్టాంపులా తయారవుతుంది.

పిక్క మంచి చోటే. చర్మం దిట్టంగా ఉంటుంది, బట్ట తగలదు, వెనకాల పరిగెత్తేవాళ్ళకి కనిపిస్తుంది (నిజం చెప్పు, కోరిక సగం అదే కదా). కాకపోతే పిక్క కండ రెండు పాయలుగా ఉంటుంది. మడమ ఎత్తినప్పుడు ఆ రెండూ విడివిడిగా ఉబికి మధ్యలో లోయ పడుతుంది. ఆ లోయ మీదుగా అడ్డంగా గీత గాని, అక్షరాల వరస గాని వేస్తే నిలబడ్డప్పుడు తిన్నగా ఉండి, అడుగు వేసినప్పుడల్లా వంకర పోతుంది. అందుకే పిక్క మీద నిలువు డిజైన్లు బాగుంటాయి. నిన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి స్టెన్సిల్ (సూదికి ముందు చర్మం మీద దించే డిజైన్ అచ్చు) అంటించే ఆర్టిస్టు దగ్గర వేయించుకోకు. నిన్ను నిలబెట్టి, కాళ్ళు మామూలుగా ఉంచమని, మడమలు ఎత్తించి దించి, రెండు స్థితుల్లోనూ చూసుకుని అంటించాలి. ముందువైపు మోకాలి కింద ఎముక మీదైతే నొప్పి బాగా ఎక్కువ. దానికి నువ్వు సిద్ధమైతే నాకు అభ్యంతరం లేదు.

చీలమండ దగ్గర చిన్న రెక్క వేయించుకోవాలని చాలామందికి మోజు. అక్కడ సాక్సు అంచు, బూటు అంచు రెండూ ఒరుసుకుంటాయి. పాదం పక్కల, మడమ చుట్టూ చర్మం తొందరగా అరిగి పొట్టు రాలుతుంది, అక్కడ గీత నిలవదు. తొడ లోపలివైపు, నడుం మీద షార్ట్స్ ఎలాస్టిక్ కూర్చునే చోటు, చంక కింద, ఆడపిల్లలకైతే స్పోర్ట్స్ బ్రా పట్టీ తగిలే పక్కటెముకల చోటు కూడా మానేయడమే మంచిది. మానిపోయాక ఇబ్బంది తగ్గుతుందనుకో, మానే ఆ కొద్ది వారాలూ మాత్రం ఆ పట్టీ నరకం చూపిస్తుంది.

మణికట్టు గురించి వేరుగా చెప్పాలి. నీ వాచ్ గుండె వేగాన్ని కొలిచేది ఆకుపచ్చ కాంతితో. ఆ కాంతి చర్మం లోపలికి వెళ్ళి, రక్తం తగిలి, తిరిగి రావాలి. నల్లటి ఇంక్ దాన్ని మింగేస్తుంది. 2015లో యాపిల్ వాచ్ కొత్తగా వచ్చినప్పుడు టాటూలున్నవాళ్ళు ఇదే గొడవ పెట్టారు. కొన్ని టాటూల ఇంక్, నమూనా, చిక్కదనం వల్ల సెన్సర్ కాంతికి అడ్డం పడొచ్చని కంపెనీ కూడా చెప్పింది. వాచ్ పెట్టుకునే చేతికి ఆ వెడల్పు మేర చోటు వదిలేయ్. ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్ళు వాచ్ రెండో చేతికి మార్చుకోవచ్చు, లేదంటే ఛాతీకి కట్టుకునే పట్టీ కొనుక్కోవచ్చు.

టాటూ ఉన్న చోట చెమట తక్కువ పడుతుందా అని కూడా అడుగుతుంటారు. ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. 2017లో అమెరికాలోని ఆల్మా కాలేజీ పరిశోధకులు 10 మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో, టాటూ ఉన్న చర్మం పక్కనున్న మామూలు చర్మంతో పోలిస్తే సగం చెమటే విడిచిందని, ఆ చెమటలో సోడియం ఎక్కువగా ఉందని తేలింది. అయితే అక్కడ చెమట పట్టించింది పరుగు కాదు, చర్మంలోకి పంపిన మందు. ఒకటి, అది చిన్న పరీక్ష. రెండు, అసలైన వ్యాయామంలో అదే జరుగుతుందని దానితో రుజువు కాదు. అరచేతిలో సగమంత టాటూకి నువ్వు బెంగపెట్టుకోనక్కర్లేదు. వీపంతా నింపుకుందామనే ఆలోచన ఉంటే మాత్రం, మన వైజాగ్ ఉక్కలో ఫుల్ మారథాన్ చేసే మనిషివి, ఒకసారి ఆగి ఆలోచించు.

ఇప్పుడు రోజు. రేసుకి ముందు వేయించుకోకు. రేసుకి ముందు పరుగు తగ్గించే రెండు మూడు వారాల్లో ఖాళీ దొరికింది కదా అని వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళని నేను వెనక్కి పంపిస్తాను. తాజా టాటూ అంటే తెరిచి ఉన్న గాయం. సూది పైచర్మం దాటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఇంక్‌ని దింపుతుంది. ఒళ్ళు ఆ గాయం మాన్చుకునే పనిలో ఉండగా 42 కిలోమీటర్లు పరిగెత్తించడం ఎందుకు? పైగా రేసు ఇంకా పూర్తే కాలేదు. పూర్తి కాని దూరాన్ని కాలి మీద రాసుకుని స్టార్ట్ లైన్ దగ్గర నిలబడడం నాకైతే నచ్చదు.

రేసు అయిన మర్నాడూ వద్దు. ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, పిక్కలు వాచి ఉంటాయి, నొప్పి మాత్రలు వేసుకుని ఉంటావు. ఆస్పిరిన్ లాంటివి వేసుకుంటే రక్తం ఎక్కువ కారి ఇంక్ సరిగ్గా పట్టదు. వారం పది రోజులు ఆగు. మెట్లు దిగేటప్పుడు కాళ్ళు పట్టేయడం మానేశాక రా. ఎలాగూ ఫుల్ మారథాన్ తర్వాత కొన్ని వారాలు నెమ్మదిగానే ఉంటావు కాబట్టి టాటూ మానే సమయం అందులో కలిసిపోతుంది. మన ఊళ్ళో వైజాగ్ నేవీ మారథాన్ మామూలుగా నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది. ఆ తర్వాత వచ్చే చలి రోజులు టాటూకి చాలా అనుకూలం, చెమటా తక్కువ, ఎండా తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరకే బీచ్‌రోడ్డులో వీపు చురుక్కుమంటుంది. అప్పుడు వేయించుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

ఎన్నాళ్ళకి పరిగెత్తొచ్చన్నావు. పిక్క మీదైతే మొదటి రెండు మూడు రోజులు అసలు వద్దు, నడక చాలు. తర్వాత ఎర్రదనం, వాపు తగ్గితే ఎండ లేని వేళ కొద్ది దూరం నెమ్మదిగా పరిగెత్తి, వెంటనే సబ్బుతో కడుక్కుని, మెత్తటి శుభ్రమైన గుడ్డతో అద్దుకోవాలి. పొట్టు పూర్తిగా రాలిపోయేదాకా, అంటే సుమారు రెండు వారాలు, లాంగ్ రన్ జోలికి వెళ్ళకు. పైకి మానినట్టు కనిపించినా లోపల పూర్తిగా కుదుటపడడానికి నెల, నెలన్నర పడుతుంది.

రన్నర్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి, ఇవి మామూలు ఆర్టిస్టులు చెప్పరు. పిక్కకి వేసుకునే కంప్రెషన్ స్లీవ్ పొట్టు రాలిపోయేదాకా వేసుకోకు, విప్పేటప్పుడు పొక్కుని లాక్కొస్తుంది. కండకి అంటించే టేపు కూడా అంతే. కండలు మర్దన చేసుకునే ఫోమ్ రోలర్‌కి కూడా ఆ కాలి మీద సెలవు. నొప్పి స్ప్రేలు, బామ్‌లు టాటూ దరిదాపుల్లో పడితే ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడు చాలా స్టూడియోల్లో గాయం మీద పల్చటి ప్లాస్టిక్ పొర అంటిస్తున్నారు. మంచిదే, కానీ మన గాలిలో తేమకి దాని కింద చెమట చేరి సంచిలా వేలాడుతుంది. అంచు ఒక్క చోట లేచినా తీసేసి, కడుక్కుని, గాలికి వదిలెయ్.

ఇంట్లో పెద్దవాళ్ళు పసుపు, కొబ్బరినూనె తెస్తారు. పచ్చబొట్టు పొడిపించుకున్న చోట మన నాయనమ్మలు రాసుకున్నారు కదా అంటారు. వద్దని మెల్లగా చెప్పు. సువాసన లేని ఆయింట్‌మెంట్ పల్చగా రాస్తే చాలు. మెరిసేంత రాయకు. ఇంకొకటి, మన వైజాగ్ వాళ్ళకి పరుగు అవగానే కాళ్ళు అలల్లో పెట్టడం అలవాటు. మూడు నాలుగు వారాలు ఆ పని అసలు చేయకు, రుషికొండలో ఈత అయినా, క్లబ్బులో స్విమ్మింగ్ పూల్ అయినా. వెచ్చటి సముద్రపు నీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. కొత్త టాటూతో ఐదో రోజునే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈతకి దిగిన ఒకతను ఆ ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయిన కేసు 2017లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. అతనికి అప్పటికే లివర్ జబ్బు ఉంది, అందరికీ అలా అవుతుందని కాదు. కానీ అలలు ఎక్కడికీ పోవు కదా, నెల ఆగితే సరిపోతుంది.

డిజైన్ దగ్గరికి వచ్చాం. ముందు వద్దన్నవి చెప్పేస్తాను. రెక్కల బూటు నీకే విసుగొచ్చింది కాబట్టి వదిలేద్దాం. ఈసీజీ గీత సాగి సాగి పరిగెత్తే మనిషిగా మారేది రెండోది. ఆ గీత దాదాపు ఎప్పుడూ తప్పుగానే ఉంటుంది. కేజీహెచ్ డాక్టర్లు పక్కనే పరిగెడుతుంటారు, ఏదో ఒకరోజు ఆపి “ఏం బాబూ, ఎప్పటినుంచి ఇలా?” అంటారు. బూట్ల కంపెనీ లోగో, స్పాన్సర్ల పేర్లతో సహా మెడల్ బొమ్మ కూడా వద్దు. వాళ్ళు డబ్బిస్తే తప్ప వాళ్ళ ప్రకటన నీ కాలి మీదెందుకు? పూర్తి చేసిన టైము కూడా రాయించుకోకు. మొదటి మారథాన్ టైము మారడానికే ఉంటుంది, వచ్చే ఏడాది పాత అంకె చూసుకుని నువ్వే కొట్టేసుకుంటావు. దూరం మారదు.

దూరం అంటే 42.195. పోటీ మొదలైన 1896లో దూరం సుమారు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించడంతో 26 మైళ్ళ 385 గజాలు వచ్చింది. 1921లో అదే ప్రామాణిక దూరంగా ఖాయమైంది. 26.2 అని వేసుకునేది మైళ్ళు లెక్కపెట్టే అమెరికన్లు. బీచ్‌రోడ్డులో మనం లెక్కపెట్టేది కిలోమీటర్లు, మనకి 26.2 ఎందుకు? నాకు బాగా నచ్చే మార్గం తెలుగు అంకెల్లో వేయడం: ౪౨.౧౯౫. పాత పంచాంగాల్లో కనిపించే ఆ గుండ్రటి అంకెలు నిలువుగా ఒకదాని కింద ఒకటి పేరిస్తే పిక్క వంపుకి అచ్చంగా అతుకుతాయి. హాఫ్ మారథాన్ చేసేవాళ్ళకి ౨౧.౧ చిన్నగా ముంజేతి మీద చాలా ముద్దుగా ఉంటుంది. మధ్యలో చుక్క మాత్రం కాస్త పెద్దదిగా, అంకెలకి దూరంగా పెట్టించుకో. ఇంక్ ఏళ్ళ తరబడి చర్మంలో కొద్దికొద్దిగా పాకుతుంది, చిన్న చుక్క పక్క అంకెకి అంటుకుపోతుంది.

తెలుగు అక్షరాలతో ఏదైనా మాట రాయించుకోవాలంటే ఇదే జాగ్రత్త రెట్టింపు కావాలి. ‘థ’ పొట్టలో చుక్క, ‘క్ష’ కింద వొత్తు, గుడి దీర్ఘం చివర చుట్ట, ఇవి చిన్న సైజులో ముద్దయిపోతాయి. అక్షరం కనీసం బొటనవేలి గోరంత ఉండాలని నేను పట్టుబడతాను. ఇంకో ప్రమాదం కంప్యూటర్‌లో ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ సరిగ్గా లేకపోతే వొత్తులు విడిపోయి పక్కన పడతాయి, ‘శక్తి’ కాస్తా ‘శక్‌తి’ అయి కూర్చుంటుంది. ఆర్టిస్టుకి తెలుగు చదవడం రాకపోతే అదే స్టెన్సిల్‌గా దిగిపోతుంది. స్టెన్సిల్ కాయితం మీద ఒకసారి, చర్మం మీద అంటించాక అద్దంలో కాకుండా ఫోటో తీసి ఇంకోసారి చదువుకో. వీలైతే మీ ఇంట్లో తెలుగు బాగా వచ్చినవాళ్ళకి ఆ ఫోటో పంపు.

మన ఊరి పరుగు కాబట్టి మన ఊరు కనబడే డిజైన్లు నాకు ఇష్టం. కోస్టల్ బ్యాటరీ నుంచి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మీదుగా లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, తెన్నేటి పార్కు, రుషికొండ దాటుకుంటూ భీమిలి వైపు పోయే ఆ తీరం గీత ఉంది చూడు, అది దానంతటదే ఒక డిజైన్. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి భీమిలిని పైన పెట్టి పిక్క మీద నిలువుగా దించితే ఒక్క గీతలో ఇమిడిపోతుంది. నీ వాచ్‌లోని జీపీఎస్ గీతని ఉన్నదున్నట్టు తేకు. స్టార్టింగ్ పాయింట్ దగ్గర నిలబడి తిరిగిన పిచ్చి గీతలు, రోడ్డు దాటి సముద్రంలోకి వెళ్ళొచ్చిన గీతలు అందులో ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, నువ్వు ఎప్పుడూ వెనక్కి తిరిగే చోట ఒక చిన్న చుక్క పెట్టించుకో. సబ్‌మెరైన్ దగ్గర తిరిగేవాళ్ళయితే ఆ చుక్క బదులు చిన్న కురుసుర ఆకారం పెట్టొచ్చు. ఎత్తుపల్లాల గ్రాఫ్ కావాలంటే తెన్నేటి పార్కు ఎక్కుడు, కైలాసగిరి రోడ్డు ఎక్కుడు చూపించొచ్చు, కాకపోతే నిలువు కొలతని సాగదీయాలి. లేకపోతే బీచ్‌రోడ్డు గ్రాఫ్ బల్లపరుపుగా ఉంటుంది, చూసినవాళ్ళు అడ్డగీత అనుకుంటారు.

నన్ను ఒక్కటే ఎంచమంటే తాబేలు నడకని ఎంచుతాను. నవ్వకు, నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళ మీద జోకు కాదు. చలికాలం నుంచి ఎండలు ముదిరేలోపు మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు పొదిగించే హేచరీలు కూడా పెడతారు. తెల్లవారుజామున ఇసుకలో వాటి జాడ కనిపిస్తే దగ్గరికెళ్ళి చూడు, తొక్కకుండా. కొన్ని జాతుల తాబేళ్ళు తెడ్లలాంటి ముందు కాళ్ళు రెండూ ఒకేసారి వేసి ఒళ్ళు ఈడ్చుకుంటాయి, వాటి జాడలో గుర్తులు జంటగా ఎదురెదురుగా పడతాయి. ఆలివ్ రిడ్లే అలా కాదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ వేస్తుంది. ఏటవాలు గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి మారి మారి పడతాయి. అది మన పరుగు లయే కదా. చీలమండకి కాస్త పైన మొదలై పిక్క మధ్యదాకా ఎక్కే ఆ గుర్తుల వరస, నల్ల ఇంక్‌తో, చుక్కల షేడింగ్‌తో వేస్తే, ఈ ఊళ్ళో పరిగెత్తేవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాని టాటూ అవుతుంది. పెద్ద పెద్ద గుర్తులు కాబట్టి ఏళ్ళు గడిచినా ముద్ద కాదు.

సింహాచలం గిరిప్రదక్షిణ చేసేవాళ్ళు ఆ 32 కిలోమీటర్ల చుట్టుని వేయించుకుంటుంటారు. మూసుకున్న వలయం, మధ్యలో కొండ గీత. ముంజేతి మీద బావుంటుంది. కాలి మీద వద్దని నేను చెప్పేలోపే వాళ్ళ అమ్మలు చెప్పేస్తారు. ఆంజనేయుడి విషయంలో నేనే చెప్తాను. వాయుపుత్రుడు, సముద్రం దాటినవాడు, రన్నర్లకి అంతకన్నా తగిన దేవుడు ఎవరు? కానీ నడుం కింద వేయను. భుజం మీద, జబ్బ మీద వేయించుకోండి. ఎగిరే భంగిమలో తోక గీతని భుజం వంపు వెంట తిప్పితే చెయ్యి ఊపినప్పుడల్లా కదిలినట్టుంటుంది. మొహం మరీ చిన్నగా వద్దు. కళ్ళు, ముక్కు రెండు మిల్లీమీటర్లలో ఇరికిస్తే పదేళ్ళకి దేవుణ్ణి గుర్తుపట్టలేం.

పొట్టి దూరాలవాళ్ళని అందరూ మర్చిపోతారు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌ని 12.78 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు పెట్టింది. ఆ పోటీ కొలతలే మంచి డిజైన్ అవుతాయి. స్టార్ట్ నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, తర్వాత ఒక్కోటి 8.5 మీటర్ల దూరంలో మొత్తం 10 హర్డిల్స్, ఆఖరి దాని నుంచి ఫినిష్‌కి 10.5 మీటర్లు. ఈ ఎడాన్ని స్కేలుకి తగ్గించి ముంజేతి పొడుగునా పది చిన్న గీతలు వేస్తే బయటివాళ్ళకి ఏదో కొలబద్దలా కనిపిస్తుంది, ట్రాక్ మనిషికి చూడగానే తెలిసిపోతుంది.

పరిగెత్తే మనిషి బొమ్మే కావాలంటే నెట్‌లోది దించకు, నీ రేసు ఫోటోల్లోంచి పక్కవాటుగా తీసినది తీసుకో. నెట్ బొమ్మల్లో కుడికాలు, కుడిచెయ్యి రెండూ ముందుకే వెళ్తున్నవి బోలెడు. అలా పరిగెత్తితే మనిషి పడిపోతాడు. మడమ నేలకి ఆనిన క్షణం చిన్న సైజులో నడకలా కనిపిస్తుంది. రెండు కాళ్ళూ గాల్లో ఉన్న ఫ్రేమ్ వెతుకు.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. ఇంక్ మన చర్మపు రంగు కింద ఉంటుంది, అందువల్ల చామనఛాయ మీద పసుపు, తెలుపు, లేత గులాబీ త్వరలోనే కనిపించకుండా పోతాయి. నలుపు, ముదురు ఎరుపు, ముదురు నీలం నిలుస్తాయి. గీతలు లేకుండా రంగు మరకల్లా వేసే వాటర్‌కలర్ రకం ఎండలో తిరిగేవాళ్ళకి దండగ. టాటూ మానాక, ఎండలో వెళ్ళే ప్రతి పరుగుకీ దాని మీద సన్‌స్క్రీన్ రాయాలి, ఇది బతికున్నన్నాళ్ళూ ఉండే ఖర్చు.

స్టూడియోకి వెళ్ళే ముందు నీ జబ్బ మీద చిన్నప్పటి టీకా మచ్చ చూసుకో. అది ఉబ్బి, గట్టిపడి, మెరుస్తూ పెరిగి ఉంటే నీ చర్మానికి కీలాయిడ్ స్వభావం ఉండొచ్చు, చర్మం డాక్టర్‌ని కలవకుండా టాటూ వద్దు. షుగర్ ఉన్నవాళ్ళూ అంతే. రక్తదానం చేసే అలవాటుంటే టాటూ తర్వాత ఏడాది ఆగాలి, కాబట్టి క్యాంపు ఏదైనా ఉంటే ముందు ఇచ్చేసి రా. సూది కార్ట్రిడ్జ్ నీ కళ్ళముందే సీలు విప్పాలి. ఇంక్ చిన్న కప్పులో కొత్తగా పోయాలి, మిగిలింది సీసాలోకి తిరిగి వెళ్ళకూడదు. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుంటే గ్లవ్స్ మార్చాలి. వీటిలో ఏది తప్పినా హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రావొచ్చు, అందుకే తిరునాళ్ళలో ఒకే సూదితో వరసగా పొడిచే బండి దగ్గర కూర్చోవద్దంటాను. చదరపు అంగుళానికి ఇంత అని రేటు చెప్పి, మరీ చవగ్గా ఉందంటే ఈ శుభ్రంలోనే ఎక్కడో తగ్గించారని అర్థం.

నీకు నా సిఫార్సు: ఎడమ పిక్క మీద, వెలుపలి పాయ వెంట నిలువుగా తాబేలు జాడ, ఇష్టమైతే పక్కన చిన్నగా ౪౨.౧౯౫. రేసుకి ముందే స్టూడియోకి వచ్చి స్టెన్సిల్ మాత్రం అంటించుకుని వెళ్ళు, దానికి గాయం ఉండదు, ఒకటి రెండు రోజుల్లో చెరిగిపోతుంది. మర్నాడు పొద్దున నీ ఫ్రెండ్‌ని వెనకాల పరిగెత్తించి వీడియో తీయమను. జాడ కిందకి జారినట్టుందా, ఒక పక్కకి వాలిందా, సాక్సు అంచు మొదటి గుర్తుని మింగేస్తోందా అన్నది అందులోనే తెలుస్తుంది. ఆ వీడియో, రేసు తారీఖు పంపిస్తే డిజైన్ సైజు సరిచేసి పెడతాను.